నలుగురిలోకి తిరిగి వచ్చే దారి

మనసు – మనుగడ

లండన్ నగరానికి ఆగ్నేయ దిశలో సిడ్‌కప్ అనే ఊరు ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైపోయిన సైనికుల కోసం 1917లో అక్కడ ఒక ప్రత్యేక వైద్యశాల వెలసింది. ఫిరంగి గుండ్లకు దవడలు ఎగిరిపోయినవారు, మంటలలో చర్మం కాలిపోయినవారు వేల సంఖ్యలో అక్కడికి చేరారు. హెరాల్డ్ గిల్లీస్ అనే శస్త్రవైద్యుడు ఎంతో ఓపికతో వారి ముఖాలను తిరిగి తీర్చిదిద్దారు. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి గట్టి పునాది పడింది ఆ ఆస్పత్రిలోనే.

ఆస్పత్రి నుంచి ఊరిలోకి పోయే దారి పక్కన కొన్ని బెంచీలు ఉండేవి. వాటిలో కొన్నింటికి నీలం రంగు వేశారు. నీలం బెంచీ మీద కూర్చున్నవాడు ఆస్పత్రి రోగి అని, అతని ముఖం చూచి ఉలిక్కిపడవద్దని ఊరివారికి అది ముందస్తు హెచ్చరిక. రోగులు తమ రూపం చూచుకొని కుంగిపోకుండా వార్డులలో అద్దాలు కూడా లేకుండా చేశారు. ఈ ఏర్పాట్ల వెనుక ఉన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ నీలం బెంచీ మీద కూర్చున్న మనిషికి దాని రంగు మరొక మాట చెప్పి ఉంటుంది: “నీవు నలుగురిలో కూర్చోదగినవాడవు కావు, నీ చోటు వేరు.”

కాలిన గాయాల నుంచి కోలుకొనే మనిషి మనసులో జరిగే పోరాటమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. కొత్త చర్మం ఆస్పత్రిలో అతుకుతుంది. మనిషి మాత్రం మళ్ళీ అతకవలసింది నలుగురిలో. ఈ రెండవ అతుకు వేయడం వైద్యుడు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతిని మొదటిసారి ఒక ఊరు ఊరంతటికీ నేర్పినవారు గిల్లీస్ బంధువే, ఆయన వద్ద పని నేర్చినవారే.

మూడవ నంబరు వార్డు

ఆయన పేరు ఆర్చిబాల్డ్ మెకిండో. 1900లో న్యూజీలాండులో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలో క్వీన్ విక్టోరియా ఆస్పత్రికి వచ్చారు. మరుసటి సంవత్సరం ఆ దేశపు ఆకాశంలో భీకరమైన విమాన యుద్ధం సాగింది. ఆనాటి యుద్ధ విమానాలలో పెట్రోలు ట్యాంకు పైలట్‌కు అతి దగ్గరగా ఉండేది. దానికి తూటా తగిలితే రెప్పపాటులో మంట అతనిని కమ్ముకొనేది. ముఖమూ, చేతులూ కాలిపోయేవి. కనురెప్పలు సైతం మిగిలేవి కావు. ఇరవై, ఇరవై రెండేళ్ల యువకులు. అంతకు ముందు రోజు వరకు అద్దం ముందు నిలబడి తల దువ్వుకొని మురిసిపోయినవారు.

మెకిండో సామాన్యుడైన శస్త్రవైద్యుడు కాడు. సముద్రంలో పడిన వైమానికుల గాయాలు, నేల మీద పడినవారి గాయాల కంటే మేలుగా మానుతున్నాయని గమనించి ఆయన ఉప్పునీటి స్నానాలను ప్రవేశపెట్టారు. గాయాన్ని ఎండిన తోలువలె బిగదీసే టానిక్ ఆమ్లం పూతను మాన్పించారు. ఒక్కొక్క రోగికి పదులసార్లు శస్త్రచికిత్స చేయవలసి వచ్చేది. ఒక కనురెప్ప, ఆ తరువాత మరొక కనురెప్ప, ఆపైన ముక్కు, పెదవి – ఇలా ఏళ్ల తరబడి సాగే పని అది.

కాని ఆయన ఘనత అంతా కత్తిలోనే లేదు. చర్మం అతికినంత మాత్రాన బ్రతుకు అతకదని ఆయన త్వరలోనే గ్రహించారు. కోలుకొనే సైనికులందరూ విధిగా తొడగవలసిన నీలం రంగు ఆస్పత్రి దుస్తులను తన వార్డులో పక్కన పెట్టించారు. రోగులు తమ వైమానిక దళపు యూనిఫారాన్నే ధరించి తిరిగేవారు. అధికారులకు ఒక గది, సామాన్య సైనికులకు మరొక గది అనే తేడా పోయింది. వార్డులోకి పియానో వచ్చింది, బీరు పీపా వచ్చింది. తరువాత తనకు జరుగబోయే శస్త్రచికిత్స ఎలా ఉంటుందో తెలుసుకోగోరిన రోగి, మరొక రోగికి జరిగే చికిత్సను దగ్గర నిలబడి చూడవచ్చును. తెలియని దానికి భయపడినంతగా తెలిసిన దానికి మనిషి భయపడడు గదా!

1941 జూలైలో ఆ రోగులు తమలో తాము ఒక సంఘం పెట్టుకొన్నారు. కొత్త చికిత్సలన్నీ తమ మీదనే ప్రయోగిస్తున్నారు గనుక, ప్రయోగశాలలో వాడే జంతువు పేరు మీద దానికి గినీ పిగ్ క్లబ్ అని పేరు పెట్టారు. వేళ్లు కాలిన వానిని కార్యదర్శిగా ఎన్నుకొన్నారు – ఎక్కువ వ్రాయలేడు గనుక. కాళ్లు కాలిన వానిని కోశాధికారిగా ఎన్నుకొన్నారు – డబ్బుతో పారిపోలేడు గనుక! ఆ హాస్యం కటువుగా తోచవచ్చు. కాని తన గాయం గురించి ఇతరులు గుసగుసలాడుకోవడానికీ, తానే నవ్వుతూ చెప్పుకోగలగడానికీ మధ్య ఎంతో దూరం ఉన్నది. ఆ దూరాన్ని ఒంటరిగా నడవడం కష్టం. తనవంటి వారి తోడు ఉంటే సులువు. యుద్ధం ముగిసేనాటికి ఆ సంఘంలో 649 మంది సభ్యులు చేరారు.

తేరిపార చూడని ఊరు

మెకిండో చేసిన అన్నిటికంటె పెద్ద పని ఆస్పత్రి గోడల వెలుపల జరిగింది. ఆయన ఊరివారితో మాట్లాడారు. మీ వీధులలోకి, మీ హోటళ్లకు, సినిమా హాళ్లకు ఈ కుర్రవాళ్లు వస్తారు. వారిని మామూలు మనుషులను చూచినట్లే చూడండి, మీ ఇండ్లకు పిలవండి అని కోరారు. ఊరు ఆ మాట మన్నించింది. సగం కట్టిన ముక్కుతో, చర్మపు అతుకులతో వచ్చిన యువకులకు టీ ఇచ్చింది, భోజనం పెట్టింది, నాట్యానికి ఆహ్వానించింది. వారిలో కొందరు ఆ ఊరి అమ్మాయిలనే పెండ్లాడారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కు ‘తేరిపార చూడని ఊరు’ అనే పేరు స్థిరపడింది.

సిడ్‌కప్ బెంచీకీ, ఈ ఊరికీ ఉన్న తేడా ఇదే. అక్కడ జనం ముఖం తిప్పుకోవడానికి వీలు కల్పించారు. ఇక్కడ జనం ముఖాముఖి చూడటానికి సిద్ధపడ్డారు.

ఇంతటి ఆదరణ లభించినా అందరి మనసులూ ఒకే రీతిగా కుదుటపడలేదు. రిచర్డ్ హిల్లరీ అనే యువ పైలట్ 1940 సెప్టెంబరులో కాలిన ముఖంతో, చేతులతో సముద్రం నుంచి బయటపడి మెకిండో చికిత్స పొందాడు. తన అనుభవాలను 1942లో గ్రంథంగా ప్రకటించి ఎంతో పేరు గడించాడు. కాని ఊరుకోలేక, భోజనపు బల్ల దగ్గర కత్తీ ఫోర్కూ సరిగా పట్టని చేతులతోనే మళ్ళీ విమానం ఎక్కాడు. 1943 జనవరిలో శిక్షణ విమానం కూలి మరణించాడు. అప్పటికి అతని వయస్సు 23 సంవత్సరాలు. పైకి విజయంగా కనిపించే కోలుకోవడం వెనుక ఎటువంటి తొందర దాగి ఉంటుందో ఎవరు చెప్పగలరు?

బోస్టన్ నేర్పిన పాఠం

మనసుకు తగిలే ఈ దెబ్బను వైద్యశాస్త్రం శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టింది కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. 1942 నవంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విలాసశాల తగులబడి 492 మంది మరణించారు. ప్రాణాలతో బయటపడినవారిని నగరంలోని ఆస్పత్రులలో చేర్చారు. అక్కడ అలెగ్జాండ్రా ఆడ్లర్ అనే వైద్యురాలు – ప్రఖ్యాత మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ కుమార్తె – తాను పరీక్షించినవారిలో సగానికి పైగా మానసిక బాధలకు లోనైనట్లు గమనించారు. నిద్ర పట్టకపోవడం, కలలలో మళ్ళీ మళ్ళీ మంటలు కనిపించడం, అకారణ భయం, మిగిలినందుకు అపరాధ భావం. నెలలు గడిచినా కొందరిలో ఇవి తగ్గలేదు.

మరొక ఆస్పత్రిలో ఎరిక్ లిండెమన్ అనే మనోవైద్యుడు, ఆ అగ్నిలో ఆప్తులను పోగొట్టుకొన్నవారిని పరిశీలించి 1944లో దుఃఖం గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు. అందులో ఒక ఉదంతం ఉన్నది. ముప్ఫై రెండేళ్ల యువకుడు. అతనికి తగిలినవి చిన్న గాయాలే. భార్య మరణించిందని తెలిసినప్పుడు అతడు పెద్దగా చలించలేదు. గాయాలు మాని ఇంటికి వెళ్లాడు. కొద్ది కాలానికి అతనిని మళ్ళీ ఆస్పత్రికి తీసుకొని వచ్చారు. భార్యను కాపాడలేకపోయానన్న వేదన అతనిని దహించివేస్తున్నది. కొంత కుదుటపడ్డాడని అనుకొంటూ ఉండగానే ఒకనాడు అతడు కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకొన్నాడు.

కాలిన గాయం ఎంత పెద్దదైతే మనోవేదన అంత పెద్దది అని లోకం అనుకొంటుంది. అది నిజం కాదని ఆ తరువాత జరిగిన పరిశోధనలు అనేకం చెప్పాయి. దేహంలో ఇంత శాతం కాలింది గనుక మనసు ఇంత కుంగుతుంది అనే నేరు లెక్క లేదు. చేతి మీది చిన్న మచ్చతో ఇల్లు కదలనివారు ఉన్నారు; ముఖమంతా మారిపోయినా కచేరీకి వెళ్లి పని చేసుకొనేవారు ఉన్నారు. తేడా తెచ్చేవి – అంతకు ముందు మనసు ఉన్న స్థితి, ఆ మనిషి కష్టాన్ని ఎదుర్కొనే తీరు, చుట్టూ ఉన్నవారి అండ.

మనసు నడిచే మెట్లు

తొలి రోజులలో రోగి ప్రాణం కోసం పోరాడుతూ ఉంటాడు. జ్వరం, మందులు, నిద్రలేమి కలిసి ఒక్కొక్కసారి మతి భ్రమించినట్లు మాట్లాడతాడు. ఆత్మీయులు దగ్గర కూర్చొని, ఇది ఫలానా ఆస్పత్రి, ఈ రోజు ఫలానా వారం, నేను నీ అన్నను అని నెమ్మదిగా చెబుతూ ఉండటమే అప్పటికి ఆధారం.

రెండవ మెట్టు కట్లు మార్చే సమయం. కాలిన నాటి బాధ ఒక్కసారి వచ్చింది. ఈ బాధ రోజూ చెప్పి మరీ వస్తుంది. నర్సు బండి చప్పుడు వినగానే రోగి వణుకుతాడు. ఇక్కడ మందులతో బాటు మరొక ఉపాయం పని చేస్తుంది – రోగి చేతికి కొంత అధికారం ఇవ్వడం. ఇప్పుడు మొదలు పెట్టవచ్చునా అని అడగడం, “ఆగండి” అంటే క్షణం ఆగడం, చేతనైనంత కట్టు తనంత తానే విప్పుకోనివ్వడం. ధ్యాస మళ్లించడం కూడా గొప్ప మందే. అమెరికాలోని సియాటిల్ నగరంలో శాస్త్రజ్ఞులు 1990ల నుంచి ఈ దారిలో ప్రయోగాలు చేశారు. రోగి కంటికి ఒక యంత్రం తగిలిస్తే అతనికి మంచు లోయ కనబడుతుంది. ఆ లోయలో మంచు ఉండలు విసిరే ఆటలో అతడు మునిగి ఉండగా కట్లు మారుస్తారు. బాధ బాగా తగ్గినట్లు రోగులే చెప్పారు. అంత యంత్రం లేని చోట ఇష్టమైన పాట, పిల్లలకు ఒక కథ కూడా కొంత మేలు చేస్తాయి.

మూడవ మెట్టు అద్దం. అద్దాన్ని దాచిపెడితే భయం పెరుగుతుందే గాని తగ్గదు. కిటికీ గాజులోనో, స్టీలు పళ్లెంలోనో ఏదో ఒకనాడు ముఖం కనిపించక మానదు. రోగి తానే అడిగినప్పుడు, నమ్మకమైన మనిషి పక్కన ఉండగా, తొందరలేకుండా చూపించడం మేలు. అప్పుడు కనిపించే ఎరుపు, ఉబ్బు శాశ్వతం కావని, మచ్చ పూర్తిగా పండటానికి ఏడాది నుంచి రెండేళ్ల వరకు పట్టవచ్చునని ముందుగా చెప్పాలి. మళ్ళీ పాత ముఖం వచ్చేస్తుందని అబద్ధం మాత్రం ఆడరాదు. ఆ అబద్ధం బయటపడిన నాడు రోగి మరే మాటనూ నమ్మడు.

నాలుగవ మెట్టు ఇంటికి రావడం. లోకం దృష్టిలో కథ ఇక్కడ ముగుస్తుంది. రోగికి మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మచ్చలు దురద పెట్టి రాత్రుళ్లు నిద్ర ఉండదు. మచ్చ గట్టిపడకుండా బిగుతు తొడుగులను రోజుకు ఇంచుమించు 23 గంటలపాటు, నెలల తరబడి ధరించవలసి ఉంటుంది. కీళ్లు బిగుసుకోకుండా నొప్పి భరిస్తూ వ్యాయామం చేయాలి. మనసు కుంగిన మనిషి ఇవేవీ చేయడు. “ఎవరికోసం?” అంటాడు. అంతట మెడ ఛాతీకి అతుక్కొని వంగిపోతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి, మళ్ళీ శస్త్రచికిత్స అవసరమవుతుంది. మనసును అలక్ష్యం చేస్తే దేహం కూడా నష్టపోతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పతకం లేని గాయాలు

ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ యువకులకు ఒక అదృష్టం ఉన్నది. వారి మచ్చలను చూచినవారికి దేశం కోసం చేసిన త్యాగం గుర్తుకు వచ్చేది. మన దేశంలో కాలిన గాయాలకు అటువంటి పతకం ఏదీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో, తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. వీరిలో ఎందరో వంటింట్లో కాలినవారు – చీర కొంగుకు నిప్పంటుకొన్న ఇల్లాలు, కిరసనాయిలు స్టవ్ పేలిన యింటి కోడలు, మరుగుతున్న గంజి మీద పడిన పసివాడు. ఫ్యాక్టరీలలో, కరెంటు పనులలో కాలినవారు మరికొందరు.

వారి మచ్చలను చూచి లోకం గౌరవంగా తల వంచదు, ప్రశ్నిస్తుంది. ఎలా జరిగింది? నిజంగా స్టవ్ పేలిందా, ఎవరైనా అంటించారా, తానే అంటించుకొన్నదా? పోలీసులు అడిగేది ఒకసారి. బంధువులూ, ఇరుగుపొరుగూ అడిగేది వందసార్లు. నిజం చెబితే కాపురం పోతుందేమోనని భయం. చెప్పకపోతే గుండెలో నిప్పు. ఇంతలో మంచం పక్కనే మాటలు – “ఎంత చక్కని పిల్ల, ఎలా అయిపోయింది!” “పెళ్లి కావలసిన పిల్ల, ఇక ఎవరు చేసుకుంటారు?” పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. మాట్లాడినవారికి దురుద్దేశం లేకపోవచ్చు. విన్నవారికి మాత్రం ఆ మాట మచ్చ కంటే లోతుగా దిగుతుంది.

తీవ్రమైన దుఃఖంలో ఒంటికి నిప్పంటించుకొని, బ్రతికి బయటపడినవారి స్థితి మరింత దయనీయం. వారికి నిందలు కాదు, రక్షణ కావాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలని, అటువంటి వ్యక్తికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. చట్టం మారినంత త్వరగా చూపులు మారవు. కాని అవి కూడా మారక తప్పదు.

ఆమ్లదాడికి గురి అయినవారి విషయంలో కొంత మార్పు కనిపిస్తున్నది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వారిని తన పరిధిలోకి తీసుకొన్నది. 2014లో ఆగ్రా నగరంలో ఆమ్లదాడి బాధితులే నడిపే ఒక ఫలహారశాల వెలసింది. ముఖం మీద ముసుగు లేకుండా వారు అక్కడ అతిథులకు టీ అందించారు. ముఖం దాచుకోవలసింది తాము కాదని లోకానికి చెప్పడానికి అంతకంటె సూటి దారి మరొకటి లేదు.

చూపును ఎదుర్కొనే విద్య

ఇంగ్లండుకు చెందిన జేమ్స్ పార్ట్రిడ్జ్ 1970లో, పద్దెనిమిదేళ్ల వయసులో, కారు ప్రమాదపు మంటలలో తీవ్రంగా కాలిపోయారు. ఎన్నో శస్త్రచికిత్సల తరువాత ఆయనకు ఒక సత్యం బోధపడింది. శస్త్రవైద్యుడు చేయగలిగినంతా చేసిన తరువాత కూడా జనం చూస్తూనే ఉంటారు. ఆ చూపును ఎదుర్కొనే విద్య ఎవరూ నేర్పలేదు. నేర్చుకొంటే మాత్రం వస్తుంది. ఆయన 1990లో ఒక పుస్తకం వ్రాశారు. 1992లో తనవంటి వారికోసం ఒక సంస్థ స్థాపించారు. 2020లో మరణించేవరకు ఈ పనిలోనే గడిపారు.

ఆ విద్య సారాంశం చాలా సులువు. కొత్తవారు తడబడుతున్నారంటే కారణం ద్వేషం కాకపోవచ్చు. ఏమనాలో వారికి తోచకపోవచ్చు. అప్పుడు మాట ముందుగా కలపవలసింది కాలినవారే. ఒక సమాధానం ముందే సిద్ధం చేసుకొని ఉంచుకోవాలి. బస్సులో పక్కనున్న ఆవిడ రెప్ప వాల్చకుండా చూస్తూ, “ఏమయిందమ్మా?” అన్నదనుకోండి. “స్టవ్ పేలిందండీ. ఇప్పుడు బాగానే ఉన్నాను. మీరెంత దూరం వెళ్లాలి?” అంటే చాలు. ప్రశ్నకు జవాబూ దొరికింది, సంభాషణ దారీ మళ్లింది. మొత్తం కథ చెప్పవలసిన బాకీ ఎవరికీ లేదు.

అద్దం ముందు నిలబడి ఈ రెండు మాటలు సాధన చేయడం హాస్యాస్పదంగా తోచవచ్చు. కాని ఈతకు దిగేవాడు మొదట గట్టు పక్కనే చేతులు ఆడిస్తాడు గదా. ఇంటి గుమ్మం, తరువాత పక్కిల్లు, తరువాత వీధి చివర కొట్టు, ఆపైన పెళ్లి పందిరి – ఒక్కొక్క మెట్టే ఎక్కాలి.

ఈ దారి ముందే నడిచిన మనిషి తోడు దొరికితే మరీ మంచిది. అమెరికాలో విమాన ప్రమాదంలో కాలిపోయి బ్రతికిన ఆలన్ బ్రెస్లా 1977లో ఫీనిక్స్ సొసైటీని స్థాపించింది ఈ నమ్మకంతోనే. “నీకేం తెలుసు నా బాధ?” అని రోగి వైద్యుని అడగగలడు, అదే బాధ పడి, కోలుకొని, ఎదుట కూర్చొన్న మనిషిని అడగలేడు.

ఇంటివారు, ఇరుగుపొరుగు

చుట్టూ ఉన్నవారు చేయవలసినవి కూడా పెద్ద పనులు కావు. చూడటానికి వెళ్లినప్పుడు మచ్చను కాక మనిషి కళ్లలోకి చూడాలి. ఎలా జరిగిందని గుచ్చి అడగరాదు. చెప్పుకోవాలని వారికే అనిపించినప్పుడు మధ్యలో అడ్డు తగలకుండా వినాలి. వారి ఎదుటే వారి గురించి మూడవ మనిషితో మాట్లాడరాదు.

జాలితో అన్ని పనులూ లాక్కోవడం కూడా ఒక విధమైన నీలం బెంచీయే. అన్నం తినడానికి అరగంట పట్టినా తన చేత్తో తిననివ్వాలి. కూరగాయలు తరగడమో, పిల్లల చదువు చూడటమో, లెక్కలు వ్రాయడమో – ఇంటికి తన అవసరం ఉన్నదని తెలిపే పని ఏదో ఒకటి అప్పగించాలి. చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలోకి పొమ్మనరాదు. శుభకార్యానికి పిలిచేటప్పుడు ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి.

కాలిన పిల్లవాడు బడికి తిరిగి వచ్చే ముందురోజు ఉపాధ్యాయుడు తరగతికి నాలుగు మాటలు చెప్పడం ఎంతో మేలు. “ఫలానా పిల్లవాడు రేపు వస్తున్నాడు. వాడి చర్మం కాలింది, అది అంటురోగం కాదు, వాడు మునుపటి వాడే” అంటే చాలు. పిల్లలు వింతను త్వరగానే మరచి ఆటలో పడతారు. భయపడేది, భయపెట్టేది ఎక్కువగా పెద్దలే.

అయినా ఆప్యాయత ఒక్కటే అన్నిటినీ నయం చేయదు. నెల దాటినా నిద్ర పట్టకపోవడం, మంటలు కళ్ల ముందు మళ్ళీ మళ్ళీ మెదలడం, వంటింటి గడప తొక్కలేకపోవడం, ఎవరినీ చూడనని మొండికేయడం, పసివారైతే పక్క తడపడం వంటివి కనిపిస్తే మానసిక వైద్యుని సలహా తీసుకోవాలి. చచ్చిపోతే బాగుండునన్న మాట వినబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. ఇది పిచ్చి కాదు, పిరికితనం కాదు. గాయపడిన మనసు చూపే లక్షణం. దీనికి చికిత్స ఉన్నది. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా పొందవచ్చును.

ఇంతటి బాధను దాటి వచ్చినవారిలో చాలామంది, తమలో ఇంత ధైర్యం ఉన్నదని మునుపు తెలియదని చెబుతారు. అయితే ఆ ధైర్యం మరునాడే కనిపించాలని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఏడ్వవలసిన కాలంలో ఏడ్వనివ్వడం కూడా వైద్యమే. బోస్టన్ యువకుని ఉదంతం చెప్పింది అదే.

మెకిండో 1960లో మరణించారు. 2014లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వీధిలో ఆయన కంచు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. దానిని మలచిన శిల్పి మార్టిన్ జెన్నింగ్స్ తండ్రి కూడా యుద్ధంలో కాలి, మెకిండో చికిత్స పొందినవారే. విగ్రహంలో కాలిన చేతులతో ఒక వైమానికుడు కూర్చొని ఆకాశం వైపు చూస్తూ ఉంటాడు. వెనుక నిలబడిన మెకిండో చేతులు అతని భుజాల మీద ఉంటాయి. వారిద్దరి చుట్టూ ఒక రాతి బెంచీ ఉన్నది. దారిన పోయేవారు ఎవరైనా దాని మీద కూర్చోవచ్చును.

ఆ బెంచీకి నీలం రంగు లేదు. అది కాలినవానికి విడిగా కేటాయించినది కాదు. అతని పక్కన కూర్చోవలసిన ఊరి కోసం వేసినది. అటువంటి బెంచీ ప్రతి వీధిలోనూ, ప్రతి ఇంటి అరుగు మీదా ఖాళీగానే ఉన్నది. అక్కడికి వెళ్లి కూర్చొనేవారు కావాలి.